పన్నెండేళ్ళ పిల్లవాడికి డిస్నీ వరల్డ్ ఇంకా అబ్బురంగా ఉంటుందా?

పావని, అట్లాంటా

అందరికీ నమస్కారం. డిసెంబరు సెలవులకు డిస్నీ వరల్డ్ చూడటానికి ఫ్లోరిడాలోని ఆర్లాండో వెళ్దామనుకుంటున్నాం. పెద్దవాడికి పన్నెండేళ్ళు, చిన్నదానికి ఆరు. రాజమహేంద్రవరం నుంచి మా అత్తగారు, మామగారు కూడా అప్పటికి ఇక్కడే ఉంటారు. అక్కడ కనిపించే డిస్నీ పాత్రల చేత పెట్టించుకోవడానికి చిన్నది సంతకాల పుస్తకం సిద్ధం చేసుకుంది. ఏ పేజీలో ఎవరి సంతకం ఉండాలో పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టుకుంది. పెద్దవాడు మాత్రం “అదంతా చిన్నపిల్లల వ్యవహారం, మీరు వెళ్ళి రండి, నేను ఎవరైనా స్నేహితుడి ఇంట్లో ఉంటాను” అంటున్నాడు.

చిన్నప్పుడు వీడే మిక్కీ మౌస్‌ను చూసి మాట రాక నిలబడిపోయాడు. ఆ తెల్లటి చేతి తొడుగు పట్టుకుని ఎంతకీ వదలకపోతే వరసలో వెనక ఉన్నవాళ్ళు కూడా నవ్వుతూ ఓపిక పట్టారు. ఆ పిల్లవాడు ఎటు పోయాడా అని బెంగగా ఉంది. ఖర్చు సంగతి నాకు తెలుసు. పదేళ్ళు నిండితే డిస్నీ వరల్డ్ లెక్కలో పెద్దవాళ్ళే, టికెట్టు పెద్దల ధరకే కొనాలి. నేను అడిగేది వేరు. వయసు పెరిగేకొద్దీ పిల్లల్లో ఆ అబ్బురం నిజంగా పోతుందా, లేక ఉండి కూడా మనకు కనిపించదా? ఎదిగే పిల్లలతో వెళ్ళినవాళ్ళు దయచేసి చెప్పండి.

రఘు, చార్లెట్

పావని గారూ, ఐదేళ్ళ పిల్లవాడిది నమ్మకం. ఎదురుగా నిలబడింది మిక్కీయే, ఇంకెవరో కాదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి లోపల మనిషి ఉన్నాడని చాలామంది పిల్లలు గ్రహిస్తారు. ఆ నమ్మకం తిరిగి రాదు, రావాలని మనం ఆశించకూడదు కూడా. అయితే అబ్బురం దాని మీద మాత్రమే ఆధారపడిందని నేను అనుకోను. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఉందనీ, బొమ్మలాడించే మనిషి ఉన్నాడనీ తెలిసే కదా పెద్దలు తెల్లవార్లూ కూర్చుని చూసేవారు.

మా అబ్బాయి సంగతి చెబుతాను. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్డమ్ పార్కులో స్పేస్ మౌంటెన్ అని ఒక రోలర్‌కోస్టర్ ఉంది. 1975 నుంచీ నడుస్తోంది, మొత్తం చీకట్లోనే. వాడికి పదకొండేళ్ళప్పుడు ఎక్కించాం. దిగాక కాళ్ళు వణుకుతుంటే “గంటకు వంద మైళ్ళు ఉంటుందా నాన్నా?” అని అడిగాడు. ఫోనులో వెతికి చూస్తే గరిష్ఠ వేగం 28 మైళ్ళే. మన వీధుల్లో కారు నడిపే వేగం అది. మలుపు ఎటు వస్తుందో కనిపించదు, పైనున్న పట్టాలు తలకు తగులుతాయేమో అనిపిస్తుంది, గాలి ముఖానికి కొడుతుంది. మిగతా వేగమంతా మన మనసు కల్పించుకున్నదే. అది చదివి వాడు నిరుత్సాహపడతాడనుకున్నాను. “మళ్ళీ ఎక్కుదాం, ఈసారి ఎక్కడ మోసం చేస్తున్నారో కనిపెడతాను” అన్నాడు. రెండోసారి దిగి, “అంతా తెలిసినా అంతే వేగంగా అనిపించింది” అన్నప్పుడు వాడి కళ్ళు చూడాలి. ఐదేళ్ళప్పటి కళ్ళకు అవేమీ తీసిపోవు.

మాధవి, ఆస్టిన్

మా పాపకు పదమూడు. ఒంటరిగా మాతో వచ్చినప్పుడు ముభావంగా ఉండేది. మరుసటి ఏడాది మా అక్క కూతురిని కూడా తీసుకెళ్ళాం. ఇద్దరూ పొద్దుటినుంచి రాత్రి దాకా మా చేతికి చిక్కలేదు. తలకు మిక్కీ చెవులు పెట్టుకోవడానికి ముందు ఏడాది ససేమిరా అన్న పిల్ల, అక్కతో కలిసి దుకాణంలో అరగంట నిలబడి ఎంచుకుంది. ఈ వయసులో వాళ్ళకు తోడు ముఖ్యం. వీలుంటే మీ అబ్బాయి స్నేహితుడినో, వరసకు అన్నయ్యనో వెంట తీసుకెళ్ళండి.

వెంకట్, డెట్రాయిట్

నా అభిప్రాయం వేరు. పిల్లవాడు వద్దంటున్నాడు. వాడి మాట విని ఊరుకుంటే తప్పేమిటి? తల్లిదండ్రులకు తమ పిల్లల బాల్యం మీద ఉండే మమకారంతోనే ఈ పార్కులు నడుస్తున్నాయని నా నమ్మకం. పిల్లవాడు ఎదిగిపోతున్నాడనే బాధ మనది. దాన్ని తీర్చుకోవడానికి వాడిని వరసల్లో నిలబెట్టి, ప్రతి బొమ్మ దగ్గరా నవ్వమంటాం.

మా ఇద్దరు పిల్లలూ పన్నెండు దాటాక పార్కులు మానేశాం. వేసవిలో స్మోకీ పర్వతాలకు వెళ్తాం, ఇండియా వచ్చినప్పుడు గోదావరి మీద లాంచీ ఎక్కి పాపికొండలు చూస్తాం. కొండల మధ్య నది సన్నబడి లాంచీ మలుపు తిరిగేటప్పుడు మా పెద్దది రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది, పిలిచినా పలకలేదు. దానికి ఎవరూ తెర కట్టలేదు, పాట పెట్టలేదు. పిల్లలు ఎదిగేకొద్దీ నిజమైన వాటిని చూసి అబ్బురపడటం నేర్చుకోవాలి. కల్పించిన వాటి దగ్గరే వాళ్ళను ఆపేయడం నాకు నచ్చదు.

సుధీర్, టాంపా

చదువుకునే రోజుల్లో కొంతకాలం మ్యాజిక్ కింగ్డమ్‌లో పనిచేశాను కాబట్టి లోపలి నుంచి చూసింది చెబుతాను. అక్కడ సిబ్బంది చొక్కాకు పెట్టుకునే బిళ్ళ మీద పేరుతో పాటు సొంత ఊరు కూడా ఉంటుంది. నా బిళ్ళ చూసి తెలుగు కుటుంబాలు ఆగి పలకరించేవి, అలా ఎంతోమంది పిల్లలతో మాట్లాడాను.

పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. ఇంట్లోవాళ్ళకు నాలుగడుగులు వెనకగా నడుస్తారు, చేతిలో ఫోను ఉంటుంది. గూఫీ లాంటి డిస్నీ పాత్ర కనబడితే ముందు అమ్మానాన్నల వైపు చూస్తారు. వాళ్ళు తమను గమనించడం లేదని రూఢి చేసుకున్నాకే దగ్గరికి వెళ్ళి చెయ్యి కలుపుతారు. అది నేను రోజూ చూసిన దృశ్యం. పోయిన అబ్బురం అలా ఉండదు వెంకట్ గారూ. ఇక రాత్రి కోట మీద బాణసంచా కాల్చే సమయంలో కళ్ళు తుడుచుకునేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే.

ఇంకో సంగతి. మ్యాజిక్ కింగ్డమ్‌లో మనం నడిచేది నేల మీద అనుకుంటాం, నిజానికి అది రెండో అంతస్తు. ఫ్లోరిడాలో కొద్దిగా తవ్వితే చాలు, నీళ్ళు పడతాయి. అందుకని 1971లో పార్కు తెరవడానికి ముందే, సిబ్బంది తిరిగే దారులను నేలమట్టంలో కట్టి, ముందున్న సరస్సు కోసం తవ్విన మట్టిని చుట్టూ పోసి, వాటిపైన పార్కును నిలబెట్టారు. వేషాలు వేసుకున్నవాళ్ళు, సరుకులు, వంటలు అన్నీ ఆ దారుల్లోనే తిరుగుతాయి. చెత్తను సైతం పెద్ద గొట్టాల్లో గాలితో లాగేస్తారు. పడమటి పల్లెలో ఉండాల్సిన కౌబాయ్ భవిష్యత్ నగరంలోంచి నడుచుకుంటూ వెళ్ళడం సందర్శకుల కంట పడకూడదని ఇంత ఏర్పాటు. ఆ దారులను చూపించే పర్యటన ఒకటి ఉంది, కీస్ టు ద కింగ్డమ్ అంటారు. దానికి కనీసం 16 ఏళ్ళు నిండాలి. మీవాడికి పన్నెండు. నమ్మే వయసు దాటింది, తెర వెనక చూసే వయసు ఇంకా రాలేదు. ఈ నాలుగేళ్ళే కష్టమైనవి, పిల్లవాడికీ మీకూ.

లక్ష్మీప్రసన్న, హైదరాబాద్

సుధీర్ గారు రాసింది చదివాక మా రామోజీ ఫిల్మ్ సిటీ గురించి చెప్పాలనిపించింది. అక్కడ పద్ధతి పూర్తిగా ఎదురు దిక్కున ఉంటుంది. 1996లో మొదలైన ఆ ఊరంతా సినిమా సెట్లే. ముందునుంచి చూస్తే విమానాశ్రయం, రైల్వే స్టేషను. చేత్తో తట్టి చూస్తే పలక. సినిమా ఎలా తీస్తారో చూపించే ప్రదర్శన ఒకటి ఉంది. వచ్చినవాళ్ళలోంచే ఒకరిని పిలిచి గుర్రబ్బండి మీద కూర్చోబెడతారు. గుర్రం ఉండదు, బండి ఉన్నచోటే ఊగుతుంది. ఆ తర్వాత వేరే గదిలో శబ్దాలు చేరుస్తారు. చివరి గదిలో తెర మీద చూస్తే ఆ మనిషి బండి తోలుకుంటూ దౌడు తీస్తుంటుంది.

మా తమ్ముడి కొడుకుకు పదమూడేళ్ళు. బస్సులో ఊరంతా తిప్పినంతసేపూ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఆ గదిలోకి వచ్చాక లేచి ముందు వరసకు వెళ్ళాడు. ఇంటికి వచ్చి వాళ్ళమ్మ చున్నీ గోడకు కట్టి, చెల్లెలిని స్టూలు మీద కూర్చోబెట్టి ఫోనులో తీయడం మొదలుపెట్టాడు. పావని గారూ, రహస్యం దాచి మురిపించడం చిన్నపిల్లలకు. విప్పి చూపించి మురిపించడం పెద్ద పిల్లలకు. రెండోది తక్కువ మాయ అని నేను ఎంతమాత్రమూ ఒప్పుకోను.

రావిర్యాలలో 2016లో వండర్‌లా అనే వినోద పార్కు వచ్చాక మా కాలనీ పెద్ద పిల్లలందరూ అక్కడికే వెళ్తామంటున్నారు. అక్కడ కథ ఉండదు, భయం, నీళ్ళు, కేకలు ఉంటాయి. అదీ మంచిదే కానీ, దాన్ని వాళ్ళు ఇంటికి తెచ్చుకుని ఆడుకోవడం నేను చూడలేదు.

కీర్తన, న్యూజెర్సీ

పావని ఆంటీ, నాకు పందొమ్మిదేళ్ళు. మీ అబ్బాయి వైపు నుంచి మాట్లాడతాను.

పదమూడేళ్ళప్పుడు నన్నూ ఇలాగే తీసుకెళ్ళారు. నాకు అక్కడ నచ్చనిది ఒక్కటే, ప్రతి రైడు దిగగానే “బాగుందా? నచ్చిందా?” అని అమ్మ నా ముఖంలోకి చూడటం. నచ్చినా అవునని చెప్పబుద్ధి కాదు. చెబితే చిన్నపిల్లనైపోతానని భయం. చెప్పకపోతే అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. అమ్మ మీద ప్రేమ లేక అలా చేయలేదు, ఆ వయసులో మన ఆనందం ముందు మనకు చెందాలనిపిస్తుంది.

మ్యాజిక్ కింగ్డమ్‌లో హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల ఇంటి రైడు ఉంది, అందులో ఒక పెద్ద నాట్యశాల ఉంటుంది. మన బండి పైనుంచి వెళ్తుంటే కింద దయ్యాలు జంటలుగా తిరుగుతూ నాట్యం చేస్తాయి. వాటిలోంచి అవతలి కుర్చీలు కనిపిస్తాయి. పైకి ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి హోటల్లో నాకు నిద్ర పట్టలేదు. తెర అయితే అలా లోతు ఉండదు, బొమ్మలైతే అలా పారదర్శకంగా ఉండవు. దుప్పట్లో ఫోను పెట్టుకుని వెతికాను. మన ముందు పెద్ద గాజు పలకలు ఉంటాయి, మన కంటికి ఆనని చోట తిరిగే బొమ్మల ప్రతిబింబాలే ఆ దయ్యాలు. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ నాటకాల వేదిక మీద చేసి చూపించిన కిటుకు అది. ప్రతిబింబం కావడంతో కుడి ఎడమలు తారుమారై, జంటల్లో ఆడవాళ్ళే మగవాళ్ళను నడిపిస్తున్నట్టు కనిపిస్తుందని కూడా చదివాను. మర్నాడు అది నిజమో కాదో చూడాలని నాన్నను ఒక్కడినే లాక్కుపోయాను. నాన్న ఏమీ అడగలేదు. దిగాక “నాకూ చెప్పు” అన్నాడు. నేను ఇప్పుడు చదువుతున్నది కాంతిశాస్త్రం.

వాడిని అడగకండి ఆంటీ. పక్కన ఉండండి చాలు. వాడే చెబుతాడు, ఆ రోజు కాకపోతే తర్వాతైనా.

రఘు, చార్లెట్

కీర్తనా, చాలా బాగా చెప్పావమ్మా. వెంకట్ గారూ, మీరన్న మమకారం మాట నిజమే. కానీ అది వ్యాపారులు తర్వాత కనిపెట్టింది కాదు, ఆ చోటు పుట్టిందే దానిలోంచి. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్ళిద్దరూ రంగులరాట్నం తిరుగుతుంటే వాల్ట్ డిస్నీ బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడట. పిల్లలు ఆడుతుంటే పెద్దలు ఊరికే కూర్చోవడం ఎందుకు, అందరూ కలిసి ఆడుకునే చోటు ఉండాలి అన్న ఆలోచనే 1955లో డిస్నీలాండ్ అయింది. పిల్లవాడి ముఖం చూస్తూ కూర్చోవద్దని కీర్తన అంటోంది. బెంచీ దిగి పక్కన ఎక్కమని డిస్నీ ఆలోచన. రెండూ ఒకటేనని నాకనిపిస్తోంది.

వెంకట్, డెట్రాయిట్

కీర్తన రాసింది నాకు నచ్చింది. అయితే ఆ అమ్మాయిని కదిలించింది అద్దం, కాంతి. అవి నిజమైనవి. నా మాట అదే.

పావని, అట్లాంటా

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. కీర్తన రాసింది మావారికి కూడా చదివి వినిపించాను. నిన్న రాత్రి భోజనాల దగ్గర మిక్కీ మాట ఎత్తకుండా డిస్నీ వరల్డ్‌లోనే హాలీవుడ్ స్టూడియోస్ అనే పార్కులో ఉన్న టవర్ ఆఫ్ టెర్రర్ అనే లిఫ్టు రైడు గురించి మావారు చెప్పారు. ఆ లిఫ్టు దానంతట అది పడదు, మోటార్లు కిందికి లాగుతాయి, అందుకే మామూలుగా పడేదానికన్నా వేగంగా దిగుతుంది, ఎప్పుడు ఎంత పడాలో కంప్యూటర్ ఎంచుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకేలా ఉండదు అని. వాడు తింటూ తింటూ తల ఎత్తి “ఎత్తెంత?” అన్నాడు. 199 అడుగులు. “రెండు వందలు ఎందుకు కట్టలేదు?” 200 దాటితే విమానాల కోసం పైన ఎర్రదీపం పెట్టాలి, పాత హోటలులా కనిపించే భవనానికి అది నప్పదు. వాడు ఇంకేమీ అనలేదు. కానీ పళ్ళెం తీసేటప్పుడు “అది ఏ పార్కులో ఉంది?” అని అడిగాడు.

ఇప్పుడు కొత్త చిక్కు. పొద్దున చెల్లెలితో “మిక్కీ లోపల మనిషి ఉంటాడు, తెలుసా?” అన్నాడట. అది ఏడుస్తూ వచ్చి “నిజమా?” అని అడిగింది. ఏం చెప్పాలో తోచక మాట మార్చాను. వాడిని కోప్పడాలా? అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ సంగతి కూడా చెప్పండి.

సుధీర్, టాంపా

కోప్పడవద్దు. నిజం తెలిసినవాడికి దాన్ని ఎవరికో ఒకరికి చెప్పాలని ఉంటుంది. మేము ఆ ప్రశ్న రోజూ ఎదుర్కొనేవాళ్ళం. పిల్లలు అడిగితే అవునని వాదించేవాళ్ళం కాదు, కాదని చెప్పేవాళ్ళమూ కాదు. “నీకెలా అనిపిస్తోంది?” అని అడిగేవాళ్ళం. నమ్మాలనుకున్న పిల్లలు నమ్మే జవాబే చెప్పేవారు, వదిలేయడానికి సిద్ధమైనవాళ్ళు నవ్వేసేవారు. మీ అబ్బాయిని పక్కకు పిలిచి ఆ రెండో అంతస్తు సంగతి, గొట్టాల సంగతి చెప్పండి. వాడికి తెలిసినదానికంటే పెద్ద రహస్యం ఇవ్వండి. చెల్లెలి సంతకాల పుస్తకం వాడి చేతికి ఇచ్చి, ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడ ఉంటారో ఫోనులో చూసి నడిపించే పని అప్పగించండి.

వెంకట్, డెట్రాయిట్

ఆ పని మంచిదే. కానీ చెల్లెలు సూటిగా అడిగితే వాడి చేత అబద్ధం చెప్పించకండి. పన్నెండేళ్ళ పిల్లవాడికి నిజాయతీ మీద పట్టింపు ఎక్కువ. ఆ ప్రశ్న అమ్మను అడగమని చెల్లెలికి చెప్పమనండి, జవాబు చెప్పే బరువు మీరు తీసుకోండి.

మాధవి, ఆస్టిన్

పావని గారూ, వెంకట్ గారి మాటతో నేనూ ఏకీభవిస్తాను. ఇక అత్తగారి కోసం గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకు తీసుకోండి, మొహమాటపడవద్దు. రోజుకు మైళ్ళ కొద్దీ నడక ఉంటుంది. ఎత్తు సరిపోని చిన్నపాపతో ఒక పెద్దవారు బయట ఆగితే, మొదటివాళ్ళు దిగాక మళ్ళీ పూర్తి వరసలో నిలబడకుండా వాళ్ళనూ ఎక్కనిస్తారు. రైడు మొదట్లోనే ఉన్న సిబ్బందికి చెప్పాలి. టవర్ ఆఫ్ టెర్రర్‌కు 40 అంగుళాలు చాలు, యానిమల్ కింగ్డమ్ పార్కులోని ఎవరెస్టు రోలర్‌కోస్టర్‌కూ స్పేస్ మౌంటెన్‌కూ 44 కావాలి. పాపను ఇంట్లోనే కొలిచి తీసుకెళ్ళండి, అక్కడ కాదంటే ఏడుపు ఆపడం కష్టం.

మీ మామగారిని యానిమల్ కింగ్డమ్‌లోని ఆనందపూర్‌కు తప్పకుండా తీసుకెళ్ళండి. హిమాలయాల చుట్టుపక్కల ఊళ్ళను చూసి అల్లిన కల్పిత రాజ్యం. గోడల మీద వెలిసిన ప్రకటనలు, అడ్డదిడ్డంగా వేలాడే కరెంటు తీగలు, పాడుబడిన కోటలో పులులు. మా నాన్నగారు ప్రతి గోడ దగ్గరా ఆగి, ఇది సరిగ్గా పెట్టారు, ఇక్కడ తప్పారు అంటూ మా పాపకు చెప్పారు. ఫోను జేబులో పెట్టి ఆ పిల్ల తాతయ్యతో నడిచింది అక్కడే.

వెంకట్, డెట్రాయిట్

పావని గారూ, ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఒక రోజు మిగిల్చి కెన్నెడీ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళండి. ఆర్లాండో నుంచి కారులో దాదాపు గంట. 33 సార్లు అంతరిక్షానికి వెళ్ళి వచ్చిన అట్లాంటిస్ షటిల్ అక్కడే ఉంది. అడుగున అతికించిన పలకల మీద కాలిన మరకలు దగ్గరగా కనిపిస్తాయి. మా పెద్దది ఆ మరకల దగ్గరి నుంచి కదలలేదు. అక్కడ ఎవరినీ నమ్మించాల్సిన పని లేదు.

రఘు, చార్లెట్

మేమూ చూశాం, తప్పక చూడాల్సిందే. అయితే ఒక్క మాట వెంకట్ గారూ. అక్కడ కూడా షటిల్‌ను నేరుగా చూపించరు. ముందు చీకటి గదిలో సినిమా వేస్తారు, అది ముగిసే క్షణంలో తెర వెనక నుంచి అట్లాంటిస్ ప్రత్యక్షమవుతుంది. ఎగురుతున్నట్టు పక్కకు వంచి, తలుపులు తెరిచి నిలబెట్టారు. మా వరసలో పెద్దలూ పిల్లలూ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు.

వెంకట్, డెట్రాయిట్

నిజమే, ఆ తెర నాకూ గుర్తుంది. ఆ క్షణంలో నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ తెర వెనక ఉన్నది అసలైన అట్లాంటిస్. ఆ తేడా నాకు ముఖ్యం.

పావని, అట్లాంటా

ఇద్దరి మాటా వాడికి చదివి వినిపించాను. కెన్నెడీ కేంద్రానికి ఒక రోజు, హాలీవుడ్ స్టూడియోస్‌కు ఒక రోజు తన లెక్కలో వేసుకున్నాడు. మ్యాజిక్ కింగ్డమ్ చెల్లెలి రోజట, స్పేస్ మౌంటెన్‌కు మాత్రం తనను వదలాలట. పాపను గోడకు ఆనించి కొలిచింది కూడా వాడే. 43 అంగుళాలు వచ్చింది. డిసెంబరులోపు ఒక అంగుళం పెరుగుతుందా అని ఇద్దరూ నన్ను అడుగుతున్నారు.